రౌటాహి తర్వాత

అరిహియా పోహాటుకి చిన్నప్పటినుంచీ ఒకటే జబ్బు, ప్రతిదానికీ ఎందుకని అడగడం. సెయింట్ హిల్డా ఆడపిల్లల హాస్టల్ బడిలో ఆ జబ్బుని ఎవరూ ముద్దు చెయ్యరు. ప్రార్థనకి వెళ్ళేటప్పుడు ఎడమవైపు మెట్లే ఎందుకు దిగాలి, శుక్రవారం చేప బదులు చేప వాసన మాత్రమే ఎందుకు పెడతారు, బిషప్‌గారు వచ్చిన రోజునే బల్లల మీద తెల్లగుడ్డలు ఎందుకు పరుస్తారు, ఇలాంటివన్నీ ఆమెకి కావాలి. ప్రిన్సిపాల్ మిస్ లాటిమర్ ఒక ఏడాది రిపోర్టులో "తెలివైన పిల్ల, కానీ పక్కవాళ్ళని అలసిపోయేలా చేస్తుంది" అని రాసింది. ఆ పక్కవాళ్ళలో తనే మొదటిదని మాత్రం రాయలేదు.

పదిహేడో ఏట అరిహియాని బడి పాటలకి నాయకురాలిని చేశారు. గొంతు బాగుందని చేశారు గానీ, బుద్ధి కుదురుగా ఉందని కాదు.

పెళ్ళికైనా చావుకైనా తెగవాళ్ళంతా కూడే చోటు మారే. హిల్డా పిల్లలు ఏ మారే ముంగిట్లోకి అడుగుపెట్టినా వాళ్ళ తరఫున లేచి మాట్లాడవలసినవాడు మగవాడే. ఆ మగగొంతు కోసమే హిల్డాకి రెండు అన్నదమ్ముల బళ్ళున్నాయి. దగ్గర్లో ఉన్నది ఎయిడన్, ఉత్తరాన కొండల్లో ఉన్నది ఆస్వల్డ్. మూడూ ఒకే చర్చి కడుపున పుట్టినవి. అబ్బాయి ముందు నిలబడి మాట్లాడతాడు, అమ్మాయిలు అతని వెనక కూర్చుంటారు. మాట అయ్యాక లేచి పాట పాడతారు. పాట లేని మాటకి విలువ లేదు. ఇందులో ఇంకో సంగతుంది. మాట్లాడేవాడు తప్పు మాట్లాడినా, అదే పనిగా సాగదీసినా, వెనకనుంచి నాయకురాలు లేచి పాట ఎత్తుకుందంటే వాడు ఎంతటివాడైనా నోరు మూసుకుని కూర్చోవలసిందే. మగవాళ్ళకి మాట్లాడే హక్కు ఇచ్చి దాని కళ్ళెం ఆడవాళ్ళ చేతిలో పెట్టిన పెద్దలు అమాయకులేం కారు.

ఏటా మూడు బళ్ళకీ కలిపి ఆటల పోటీలు జరుగుతాయి. చివర్లో టీ దగ్గర ఒక తమాషా ఉంటుంది. ఆస్వల్డ్ పెద్ద విద్యార్థి లేచి పాతకాలపు ప్రసంగం ఒకటి మొదలుపెడతాడు. ఆకాశానికి దండం, నేలకి దండం, పోయినవాళ్ళకి దండం అయ్యాక, "పూర్వీకుల్లో ముందుగా నేను ఎత్తుకునే పేరు రౌటాహి" అంటాడు. అని ఆగిపోతాడు. ఆగీ ఆగగానే హిల్డా పిల్లలంతా లేచి పొద్దుపొడుపు పాట ఎత్తుకుంటారు. అబ్బాయిలు బల్లలు చరుస్తారు, అందరూ నవ్వుకుంటారు, ఆపైన వేయించిన రొట్టెల మీద పడతారు.

"అక్కడే ఎందుకు ఆగుతాడు?" అని అరిహియా మొదటి ఏడే స్నేహితురాలు కేటాని అడిగింది.

"మనం పాట మొదలుపెడతాం కాబట్టి."

"మనం ఎందుకు మొదలుపెడతాం?"

"అతను ఆగుతాడు కాబట్టి. నీకు రొట్టె కావాలా వద్దా? వద్దంటే నాకివ్వు."

అలా నాలుగేళ్ళు గడిచాయి. రౌటాహి తర్వాత ఏముందో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎవరికీ లేదు. అంతమంది ఇన్నేళ్ళుగా సగం మాట విని నవ్వుకుంటూ ఇంటికి పోతున్నారంటే అరిహియాకి ఒళ్ళు మండేది.

మార్చి నెలలో ఒక సోమవారం ఆస్వల్డ్ నుంచి కబురొచ్చింది. పరాతెనె హురివాయి మాస్టారు పోయారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ బడి కుర్రాళ్ళకి మాట నేర్పినవాడు. ఆయన చేతిలో పడ్డ ఏ కుర్రాడూ సభలో తడబడి ఎరగడు.

ఉతికిన దుప్పట్లు తెచ్చుకుందామని అరిహియా ఇస్త్రీ గదికి వెళ్ళింది. అక్కడ రోరా మతెంగా ఉంది. పిల్లలందరికీ రోరా అత్త. ఇదే బడిలో చదువుకుని, పెళ్ళయ్యి, మొగుడు పోయాక మళ్ళీ ఇక్కడికే వచ్చి పాతికేళ్ళుగా పిల్లల బట్టలూ పడకలూ చూస్తోంది. ఆమె కోపానికి మిస్ లాటిమర్ కూడా పక్కకి తప్పుకుంటుంది. ఆ పూట రోరా అత్త సాక్సులు ఇస్త్రీ చేస్తోంది. ఆ బడి పుట్టాక సాక్సులు ఇస్త్రీ చేసిన వాళ్ళు లేరు.

"అత్తా, అవి సాక్సులు."

"నాకు కళ్ళున్నాయి."

"ఒంట్లో బాలేదా?"

"నోరు మూసుకుని ఆ దుప్పట్లు తీసుకుపో."

అరిహియా దుప్పట్లు తీసుకుంది గానీ పోలేదు. "మాస్టారు నీకు బాగా తెలుసా?"

రోరా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. తిడుతుందనుకుంది అరిహియా. తిట్టలేదు.

"ఆటల పోటీల దగ్గర మీరు చేసే ఆ కోతివేషం ఉందే, దాన్ని మొదలుపెట్టింది నేనే. నలభై ఏళ్ళ కిందట. అది అప్పుడు వేళాకోళం కాదు."

పందొమ్మిది వందల నలభై తొమ్మిదిలో హిల్డాలో ప్రార్థనలకి కొత్త చాపెల్ తెరిచారు. బిషప్‌గారు వచ్చారు, రెండు తెగల పెద్దలూ వచ్చారు. ఆ రోజుల్లో హిల్డా తరఫున మాట్లాడే హక్కు ఆస్వల్డ్‌దే. వాళ్ళ పెద్ద విద్యార్థి పరాతెనె, పద్దెనిమిదేళ్ళవాడు. ఇక్కడ పాటల నాయకురాలు పదిహేడేళ్ళ రోరా. ఇద్దరిదీ ఒకే మూలం. ఎప్పుడో పౌనుయి, రౌటాహి అని ఇద్దరు అన్నదమ్ములుండేవారు. పౌనుయి వంశం రోరావాళ్ళది, రౌటాహి వంశం పరాతెనె వాళ్ళది. వాళ్ళలో పెద్దవాడెవరన్నది నాలుగు తరాల తగువు. పెద్దవాడి ఇంట పుట్టిన పసిపిల్లయినా చిన్నవాడి ఇంట పుట్టిన ముసలివాళ్ళకి అక్కే, అన్నే. అందుకని మేము పెద్దంటే మేము పెద్దని రెండు ఇళ్ళవాళ్ళూ పెళ్ళిళ్ళలో కూడా పక్కపక్కన కూర్చునేవారు కారు.

"వాడు లేచాడు. ముందుగా నేను ఎత్తుకునే పేరు రౌటాహి అన్నాడు. మా ఇంటి గడపలో, నన్ను వెనక కూర్చోబెట్టుకుని, వాళ్ళ తాత పేరు ముందు ఎత్తుతాడా? నాకు రక్తం సలసలా కాగింది. వాడు ఊపిరి తీసుకునేలోపు లేచి పాట ఎత్తుకున్నాను."

"ఆయన కూర్చున్నారా?"

"కూర్చోక చస్తాడా? బిషప్ ముందు, వాళ్ళవాళ్ళందరి ముందు. ఆ తర్వాత ఆస్వల్డ్‌ని మాటకి పిలవడం మానేసి ఎయిడన్‌ని పిలిచారు. ఆస్వల్డ్ కుర్రాళ్ళు సిగ్గు దాచుకోవడానికి దాన్నొక ఆట చేసుకున్నారు. ఏడుపుని నవ్వుగా మార్చుకోవడం కుర్రాళ్ళకి బాగా వచ్చు."

"మరి రౌటాహి తర్వాత ఆయన ఏం చెప్పాలనుకున్నారు?"

రోరా అత్త మళ్ళీ సాక్సు చేతిలోకి తీసుకుంది.

"అదే కదా" అంది. "వాడు కూర్చునే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. కోపంగా చూస్తే నాకు సుఖంగా ఉండేది. కోపం లేదు. అది చూశాకే నాకు అనుమానం పట్టుకుంది. ఏటా పోటీల్లో కనిపించేవాడు. మన పద్ధతిలో ముక్కూ ముక్కూ ఆనించి పలకరించుకునేవాళ్ళం, వానల గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆ రోజు నువ్వు ఏం చెప్పబోయావురా అని నేను అడగలేదు. అడిగితే తప్పు నాదని ఒప్పుకున్నట్టవుతుంది కదా. వాడూ చెప్పలేదు. గురువారం వాణ్ణి పాతిపెడతారు. ఇంక నాకెవడు చెబుతాడు?"

రోరా అత్త కళ్ళనీళ్ళు పెట్టుకోగలదని అరిహియా ఎన్నడూ అనుకోలేదు. చూడలేక దుప్పట్లలో మొహం దాచుకుంది. ఆ రాకాసి మనిషి నలభై ఏళ్ళు ఒక్క ప్రశ్నని గొంతులో పెట్టుకుని బతికిందని తెలిశాక అరిహియాకి ఆమె మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది. ప్రశ్న అడగలేకపోవడం ఎంత బాధో ఆ బడిలో అరిహియాకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

గురువారం పొద్దున్నే హిల్డా బస్సు బయల్దేరింది. అందరూ నల్లగౌన్లు వేసుకున్నారు, సంతాపానికి గుర్తుగా తలలకి పచ్చని ఆకుల దండలు చుట్టుకున్నారు. మిస్ లాటిమర్ తన నల్లటోపీ ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. రోరా అత్త డ్రైవరు వెనక సీట్లో కూర్చుని దారి పొడుగునా ఒక్క ముక్క మాట్లాడలేదు. వైరోవా ఊరు దాటాక కొండదారిలో ఇద్దరు పిల్లలు వాంతి చేసుకున్నారు. అప్పుడు కూడా తిట్టలేదంటే చూసుకోండి.

ఎయిడన్ వాళ్ళు ముందురోజే వచ్చి వెళ్ళిపోయారు. మారే గేటు దగ్గర ఆస్వల్డ్ కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు, వాళ్ళూ అప్పుడే దిగారు. ఒకే వేళకి వచ్చినవాళ్ళు కలిసి లోపలికి వెళ్ళడం పద్ధతి. అంటే ఈసారి హిల్డా ముందు నిలబడి మాట్లాడేది ఆస్వల్డే. నలభై ఏళ్ళ తర్వాత. పెద్దవాళ్ళు కూర్చుని ఏర్పాటు చెయ్యాలంటే ఇంకో నలభై ఏళ్ళు పట్టేది, బస్సుల ఆలస్యం ఆ పని చేసిపెట్టింది.

ఆస్వల్డ్ పెద్ద విద్యార్థి ఎరుయేరా తావ్‌హాయి, పొడుగ్గా వెదురుబద్దలా ఉంటాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అరిహియా దగ్గరికి వచ్చాడు.

"సార్ ప్రసంగమే చెబుతాను. మా బళ్ళో పెద్ద విద్యార్థులందరూ నేర్చుకునేదే. పేరు దగ్గర ఆగుతాను, మీరు ఎత్తుకోండి."

"పేరు తర్వాత ఏముంది?"

"ఏం లేదు. మీ పాట."

"చెవులు ఎందుకు ఎర్రబడ్డాయి మరి?"

"నీకు పనేం లేదా? లోపల శవం పెట్టుకుని."

"అంటే ఉంది."

ఎరుయేరా అటూ ఇటూ చూశాడు. "అడిగినవాళ్ళకి చెప్పేది కాదన్నారు సార్. ప్రమాణం చేయించుకున్నారు. ఇంక నన్ను కదపకు."

"అడిగినవాళ్ళకి కాకపోతే ఎవరికి చెబుతారు?"

కేటా వచ్చి అరిహియా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. "ఈ ఒక్కరోజు పోలీసు పని మానెయ్యవే తల్లీ."

లోపలినుంచి అతిథుల్ని రమ్మంటూ ఒక ముసలామె ఎలుగెత్తి పిలిచిన పిలుపు వినిపించింది. హిల్డా తరఫున రోరా అత్త దానికి జవాబుగా పిలిచింది. గొంతు వణకలేదు. అందరూ నల్లగా ఒక గుంపుగా ముంగిలి దాటారు. వరండాలో మూత తీసిన శవపేటికలో మాస్టారు, చుట్టూ చాపల మీద ఇంటి ఆడవాళ్ళు. ఆయన తల దగ్గర ఆయన అక్క హూరియా కూర్చుని ఉంది, డెబ్భై దాటిన మనిషి. రోరాని చూసి తల తిప్పుకుంది. ఏడుపులయ్యాక అతిథుల బెంచీల మీద కూర్చున్నారు, కుర్రాళ్ళు ముందు, అమ్మాయిలు వెనక.

ఆతిథ్యం ఇచ్చేవాళ్ళు మాట్లాడటం అయ్యాక ఎరుయేరా లేచి పేటికకి ఎదురుగా నిలబడ్డాడు. ఆకాశానికి, నేలకి, పోయినవాళ్ళకి దండాలు పెట్టాడు. మాస్టారి పేరు పెట్టి పిలిచి, మీరు నేర్పిన మాటనే మీకు ఇస్తున్నానన్నాడు. గట్టిగానే చెబుతున్నాడు కుర్రాడు. అరిహియా అతని వీపునే చూస్తూ కూర్చుంది. వింటున్నది సగమే. మిగతా సగం బుర్ర గేటు దగ్గరి మాట చుట్టూ తిరుగుతోంది. అడిగినవాళ్ళకి చెప్పకూడదు. అడగనివాళ్ళకి ఎందుకు చెబుతారు? ఆ మాట పుట్టింది సభలో చెప్పడానికి, సభలోనే చెప్పాలి. మరి సభలో ఇన్నేళ్ళూ ఎవరు చెప్పనిచ్చారు? పేరు రావడం ఆలస్యం, హిల్డా పిల్లలు లేచి పాడేస్తున్నారు.

"పూర్వీకుల్లో ముందుగా నేను ఎత్తుకునే పేరు రౌటాహి" అన్నాడు ఎరుయేరా, అని ఆగాడు.

ముప్ఫై ఇద్దరు అమ్మాయిలు ఊపిరి పీల్చుకుని అరిహియా వైపు చూశారు. అరిహియా లేవలేదు.

ఆగిన మాటకి పాట రాకపోతే ఆ సిగ్గు ఎవరిదో అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. హిల్డా వాళ్ళు శవం ముందు మూగవాళ్ళయ్యారని ఉత్తరాన ప్రతి వంటింట్లోనూ చెప్పుకుంటారు. నాయకురాలి పదవి సాయంత్రానికి పోతుంది, అరిహియావాళ్ళ నాన్నమ్మ ఆర్నెల్లపాటు చర్చికి మొహం చూపించదు. ఇదంతా అరిహియాకి తెలుసు. లోపల ఏమీ లేకపోతే, ఎరుయేరా చెవులు ఎండకే ఎర్రబడ్డాయేమో అన్న భయం కూడా పట్టుకుంది. కాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. రెండు చేతులతో బెంచీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"లేవవే" అని కేటా తొడ మీద గిల్లింది.

"మర్చిపోయామా?" అని మిస్ లాటిమర్ గుసగుసగా అడిగింది.

అవతలి బెంచీల మీద పెద్దలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. హూరియా తలెత్తి చూసింది. వెనక వరసలోంచి రోరా అత్త లేవబోయింది. అరిహియా వెనక్కి చెయ్యి చాచి ఆమె మోకాలి మీద పెట్టి నొక్కింది. పదిహేడేళ్ళ పిల్ల రోరా అత్తని ఆపడం ఆ బడిలో అంతకుముందు జరగలేదు. రోరా అత్త ఆగింది.

ఎరుయేరా నెమ్మదిగా తల తిప్పి వెనక్కి చూశాడు. పాట రాదని నమ్మకం కుదరడానికి అతనికి కాస్త సమయం పట్టింది. మళ్ళీ ముందుకి తిరిగేటప్పటికి అతని గొంతు మారిపోయింది. పాఠం అప్పజెప్పినట్టు కాకుండా, ఎవరో చేతికిచ్చింది పడిపోకుండా పట్టుకున్నట్టు ఒక్కొక్క మాటే చెప్పాడు.

"రౌటాహి పేరు ముందు ఎత్తుకున్నది అతను తమ్ముడు కాబట్టి. తమ్ముడు ముందు నడుస్తాడు, దారిలో ముల్లు ఉంటే తన కాల్లో దిగాలని. అన్న వెనక వస్తాడు. నేను తమ్ముడి ఇంటివాణ్ణి, అందుకే ముందు నిలబడ్డాను. పెద్దరికం మాదని మావాళ్ళు నాలుగు తరాలుగా అంటున్నారు. మాది కాదు. అన్న పేరు పౌనుయి. ఆయన ఇంటి ఆడపడుచు ఇప్పుడు నా వెనక కూర్చుని ఉంది. నా మాట అయింది. ఆమె పాట ఎత్తుకోవాలి, నేను కూర్చోవాలి."

చెప్పి, ఎరుయేరా అక్కడే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రౌటాహి ఇంటి పెద్దల్లో ఒక్కరూ కాదనలేదు. చనిపోయినవాడు పేటికలో ఉండగా, ఆయన మాట మీద ఎదురు మాట్లాడటానికి ఎవరికి నోరు వస్తుంది? పద్దెనిమిదేళ్ళ పరాతెనె తనవాళ్ళందరి ముందూ తగువు తీర్చేద్దామని లేచిన రోజున, తీర్చనివ్వకుండా నోరు మూయించింది ఎవరో ఇప్పుడు అందరికీ తెలిసింది. అందరికంటే ముందు రోరా అత్తకే తెలిసింది.

పాట ఎత్తుకోవలసిన అరిహియా ఇంకా ఎరుయేరా వీపునే చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్ళూ ఏముందో ఏముందో అని గింజుకుంది గానీ, తీరా తెలిశాక అది ఇంత బరువుగా ఉంటుందని అనుకోలేదు. వెనకనుంచి రోరా అత్త లేచింది. పొద్దుపొడుపు పాట మొదటి మాట ఆమె నోట్లోంచే వచ్చింది, బొంగురుగా, శ్రుతి తప్పి. రెండో మాటకి పిల్లలంతా అందుకున్నారు. పాడుతూనే రోరా అత్త బెంచీలు దాటుకుని, అతిథులు దాటకూడని మేర దాటి, వరండా మెట్ల దాకా వెళ్ళింది. పాట అయిపోయింది. ఆమె మెట్టు ఎక్కలేదు.

"పరాతెనె" అంది కిందనుంచే, పేటిక వైపు చూస్తూ. "నీ మాట మొత్తం విన్నానురా. ఒక్క ఊపిరి ఓపిక పట్టలేకపోయాను. నాది తప్పు."

హూరియా చాప మీద చెయ్యి ఆనించి కష్టంగా పక్కకి జరిగింది. తమ్ముడి తల దగ్గర, మూడు రోజులుగా తను ఎవరికీ ఇవ్వని చోటు ఖాళీ చేసింది.

"పైకి రా అక్కా" అంది.

రోరా కంటే ఆమె పదమూడేళ్ళు పెద్దది.

"నన్నలా పిలవకు హూరియా. నాకంత అర్హత లేదు."

"అర్హత ఎవడు అడిగాడు? వాడు చెప్పాడు, నేను పిలిచాను. కాళ్ళు నొప్పెడుతున్నాయి నాకు, త్వరగా వచ్చి కూర్చో."

రోరా చెప్పులు విప్పి మెట్లెక్కింది.